వంతెన మీది సెన్సర్, రెండు ఎర్ర తెరలు

2023 వానాకాలం. ఖమ్మంలో వరద హెచ్చరికల కంట్రోల్ రూమ్‌లో నేను టెక్నికల్ అసిస్టెంట్‌ని. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే.

ఏన్కూరు, జూలూరుపాడు మధ్య ఒక వాగు వంతెనకు మా వాటర్ లెవల్ సెన్సర్ ఉంది. వంతెన అంచు నుంచి బయటికి చాచిన ఇనుప కడ్డీ చివర ఉండి, అది కిందికి రేడియో తరంగాలు పంపుతుంది. అవి నీటిని తాకి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి మట్టం లెక్కిస్తుంది. దిగువన, అడవి అంచున ఒక గుంపు, అంటే కొద్ది ఇళ్ల పల్లె ఉంది.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. మట్టం చూపే తెర ఉన్నట్టుండి ఎర్రబడింది. వెంటనే, వరద ప్రయాణాన్ని అంచనా వేసే పక్క తెర కూడా ఎర్రబడింది. రెండూ ఎర్రబడితే గుంపులోని సైరన్ మోగించాలన్నది నియమం.

"రెండు చెప్తున్నయ్ కదమ్మా. ఇంకేం చూస్తున్నవ్, మీట నొక్కు" అన్నారు మా సూపర్‌వైజర్ రాఘవులు గారు.

"రెండోది కూడా అంకెలు మొదటిదాని దగ్గరే తీసుకుంటది సార్. చూసింది ఒక్క సెన్సరే."

ఆయన గడియారం వైపు చూశారు. "జల్దీ కనుక్కో మరి. నిజంగ వరదైతే ఆలస్యానికి జవాబు మనమే చెప్పాలె."

గుంపులో మా సమాచారం అందుకునే సమ్మక్కకు ఫోన్ చేశాను. ఆమె కోడలు పచ్చి బాలింత. సైరన్ మోగితే పసిగుడ్డుతో వానలో గుట్ట మీది బడికి నడవాలి. మోగించకుండా వరద వస్తే, మొదట మునిగేది వాగొడ్డున ఉన్న వాళ్ల ఇల్లే.

"ఈడ వాగు మామూలుగనే ఉంది మేడం. పైన సంగతి తెల్వదు. మా ఆయన వంతెన కాడనే ఉన్నడు, చేపలకు పోయిండు. పని చెప్తే వినడు గని, ఫోనైతే ఎత్తుతడు."

ఆయన ఎత్తాడు. "నీళ్లా? చానా కిందున్నయ్ మేడం. ఏంది సంగతి?"

"సెన్సర్ కింద ఏమన్న ఉందా అన్నా?"

"బుట్టుంది. చేపలు పడ్డయని పైకి గుంజి మీ కడ్డీకే కట్టిన. గట్టిగ పెట్టిండ్లు మేడం, మస్తు ఆగుతుంది."

కొత్త నీటికి ఎదురెక్కే చేపల కోసం వెదురు బుట్టను వాగులోకి దించడం అక్కడి వాడుక. తడిసిన ఆ బుట్ట సెన్సర్ కింద వేలాడుతుంటే, కంప్యూటర్ దానినే నీటిమట్టంగా లెక్కించింది. వాగు ఒక్కసారిగా అంత ఎత్తుకు ఎగబాకదన్న ఇంగితం ఆ ప్రోగ్రామ్‌లో ఎవరూ రాయలేదు. ఆయన బుట్టను తప్పించగానే రెండు తెరలూ ఒకదాని వెంట ఒకటి ఆకుపచ్చగా మారాయి. బాలింత ఇల్లు కదలలేదు.

తర్వాత అణు క్షిపణుల ముందస్తు హెచ్చరిక వ్యవస్థల గురించి చదివాను. అక్కడి కంప్యూటర్లు ఒకప్పుడు ఉదయిస్తున్న చంద్రుణ్ణి, మరొకప్పుడు శిక్షణ కోసం ఉంచిన టేపును శత్రుదాడిగా చూపాయని తెలిసింది. నిర్ణయానికి ఉండేవి కొద్ది నిమిషాలు. మా పొరపాటు ఒక గుంపును వానలో తడిపేది. అక్కడి పొరపాటును సరిదిద్దడానికి ఎవరూ మిగలకపోవచ్చు.

కొత్తగా చేరినవారికి నేను మొదట చెప్పేది ఇదే: రెండో తెర ఎర్రబడితే, అది తానుగా చూసిందా, మొదటిదాని మాట విన్నదా అని అడగాలి. అలా అడిగే వ్యవధి కూడా లేని చోట, మీటను యంత్రానికి అప్పగించకూడదు.