బందెలదొడ్డి గుర్రం గిట్టలు

చోడవరంలో ఆ జట్కా గుర్రాన్ని కుంటిదాన్ని చేసింది లాడాలు కొట్టే ముసలాయనే అని ఇప్పటికీ అంటారు. అబద్ధం. ఆ అబద్ధం పుట్టించింది నేనే.

పంతొమ్మిది వందల యాభైల్లో, ఊరి మీద తిరిగే పశువులను కట్టే బందెలదొడ్డికి నేను కాపలాదారుని. బస్సులొచ్చి జట్కా బేరాలు పోయాక ఎవడో వదిలేసిన గుర్రాన్ని తెచ్చి అక్కడ కట్టారు. మెత్తగా ఉంటుందని దాని కింద చెరకు పిప్పి పరిచాను. అది తడిసి కుళ్లినా తీయలేదు. నెలల తరబడి ఆ చెమ్మలో నిలబడి గిట్టలు నాని, పెరిగి, పైకి వంకర తిరిగాయి. ఒక్కనాడూ వంగి చూడలేదు. అధికారి తనిఖీకి వస్తున్నాడని తెలిశాక మాత్రం ముసలాయన కోసం పరిగెత్తాను.

ఆయన గిట్ట పట్టుకుని చూసి, "ఏటి బాబూ, గుర్రాన్ని కట్టేవా, ఊరగాయెట్టేవా? ముందీ పిప్పి ఎత్తించు. గిట్ట నెలకి కొంచిం సెక్కాల. ఒక్కసారే కోసేత్తే లోపల పచ్చిమాంసం తెగిపోద్ది" అన్నాడు.

"రేపే తనిఖీకి పెద్దాయనొస్తన్నాడు. మొత్తం కోసెయ్. లేపోతే ఈ ఊళ్లో నీకు పనెలా దొరుకుతాదో సూస్తాను" అన్నాను.

కోశాడు. రక్తం కారింది. గుర్రం మళ్లీ సరిగ్గా నిలబడలేదు.

గుర్రం ఎందుకు కుంటుతోందని అధికారి అడిగితే, "ఎద్దులకి లాడాలు కొట్టేవాడండీ, గుర్రం సంగతి తెలీదు" అన్నాను. ఆ తర్వాత ఎవరూ తమ ఎద్దును ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయన పోయాడు. ఆయన కొడుకుని ఇవాళ్టికీ 'గుర్రాన్ని కోసినోడి కొడుకు' అంటున్నారు.

ఇక అతన్ని అనకండి. కోయించింది నేను. నన్ను అనండి.