ఎనిమిదో అంతస్తులో నాయనమ్మ పిలుపు

దయ్యాల మాట వస్తే, వరసగా ఒంటిగది కాపురాలుండే మా చాల్‌లో అందరికంటే ముందు నవ్వేది నేనే. నల్లా దగ్గర తెల్లచీర కనిపించిందని ఎవరైనా అంటే, అక్కడ బల్బు మాడిపోయి నెలయింది, ముందు దాన్ని మార్పించండి అనేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

నా పేరు సుజాత. పుట్టింది, పెరిగింది, పెళ్లయ్యాక ఉంటున్నది అంతా బొంబాయి కామాటిపురలోనే. పరేల్‌లో ఒక బీమా కంపెనీ ఆఫీసులో పని. ఆసుపత్రి క్లెయిములు సరిచూసే టీముకు నేను లీడర్ని.

రెండేళ్ల కిందట మా టీములో ఇద్దరు మానేశారు. వాళ్ల చోట ఎవరినీ తీసుకోలేదు. ఆ ఫైళ్లన్నీ నా మీదికి వచ్చాయి. కొన్నాళ్లే కదా అనుకున్నాను. సుజాత ఉంటే పని ఆగదు అని అందరూ అంటుంటే గర్వంగా కూడా ఉండేది.

ఆరు నెలలు తిరిగేసరికి నేను నాలా లేను. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేదాన్ని. ఒకే లైను నాలుగుసార్లు చదివినా తలకెక్కేది కాదు. ఒకరోజు ప్రింటర్‌లో కాగితం అయిపోతే టాయిలెట్‌లోకి వెళ్లి ఏడ్చాను. కాగితం కోసం! మా ఆయన సెలవు పెట్టమంటే ఆయన మీద అరిచేదాన్ని.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో ఇళ్లు కట్టే పనిలో తట్టలు మోసింది. మా తాత ఒకసారి చాయ్‌కి దిగకుండా పని చేస్తూనే ఉండి, కళ్లు తిరిగి పరంజ మీద నుంచి పడ్డాడట. మళ్లీ పనికి పోలేకపోయాడు. అప్పటినుంచి రోజూ నాలుగు గంటలకు పరంజ కింద నిలబడి, పైనున్నవాళ్లను పేరుపేరునా పిలిచి దింపేది నాయనమ్మ. మేస్త్రీ తిట్టినా వినేది కాదట.

నేను మా గదిలోని చెక్క అటక మీద కూర్చుని చదువుకునేదాన్ని. ఆమె నిచ్చెన కింద నిలబడి నన్నూ అలాగే పిలిచేది.

"దిగు బిడ్డా... సాలు."

'బిడ్డా' దగ్గర గొంతు సాగేది. దిగితే చాయ్, ఒక బన్ను ఉండేవి. కాసేపు ఆమె ఒళ్లో తల పెట్టుకునేదాన్ని. ఆమె చీరకు సున్నం వాసన ఉండేది.

ఆమె పోయి అప్పటికి ఆరేళ్లు. ఆమె గొంతు మా ఇంట్లో ఏ ఫోన్‌లోనూ లేదు. ఆమెతో పాటే మా ఇంట్లో తెలుగు కూడా పోయింది. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను గానీ, మా ఆయనతో, కూతురితో మాట్లాడేది మరాఠీలోనే.

అది మే నెల, మంగళవారం. సాయంత్రం నాలుగు కావస్తోంది. మా ఆఫీసు ఎనిమిదో అంతస్తులో, కిటికీలు తెరుచుకోవు. ఆ పిలుపు కింది నుంచి వచ్చింది. నేనింకా అటక మీదే ఉన్నట్టు, ఆమె నిచ్చెన కింద ఉన్నట్టు. తెలియకుండానే లేచి, మెట్లు దిగి, రోడ్డు మీద చాయ్ తాగి వచ్చాను. ఎన్నో వారాల తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చినట్టు అనిపించింది.

తర్వాత రెండు నెలల్లో ఇంకో ఐదారుసార్లు వినిపించింది. డాక్టరుకు చెప్తే, నిద్ర లేకపోతే అలాంటివి వినిపిస్తాయన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

జులైలో ఒకరోజు పిలుపు వినిపించినా నేను లేవలేదు. రిపోర్టు ఆ సాయంత్రానికే ఇవ్వాలి. మళ్లీ వినిపించింది. తల దించుకుని టైపు చేస్తూనే ఉన్నాను.

పక్క సీటులో ఉండే సావంత్ నా వైపు తిరిగాడు. రత్నగిరి మనిషి, తెలుగు ముక్క రాదు. నన్ను తాయీ, అంటే అక్కా, అంటాడు. మరాఠీలో అడిగాడు. "తాయీ, ఎవరో ముసలావిడ పిలుస్తోంది, మిమ్మల్నేనా? దిగు బిడ్డా అంటే ఏంటి?"

ఆ రెండు మాటలూ తెలుగులోనే అన్నాడు. 'బిడ్డా' దగ్గర గొంతు సాగదీసి మరీ అన్నాడు.

ఆఫీసులో నేను ఏనాడూ తెలుగు మాట్లాడలేదు. నాయనమ్మ సంగతి ఎవరికీ చెప్పలేదు. కంప్యూటర్ అలాగే వదిలేసి లేచాను. మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. వెనకే వచ్చిన సావంత్ పట్టుకున్నాడు. బీపీ చూసి డాక్టరు మూడు వారాలు పనికి పోవద్దన్నాడు.

తిరిగి వెళ్లిన రోజే మేనేజర్ మేడమ్ ముందు కూర్చున్నాను. ఇద్దరిని తీసుకోండి, లేదా నా ఫైళ్లు తగ్గించండి అన్నాను. నాలుగింటికి టీమంతా సీట్లు వదిలి కిందికి వెళ్తాం, ఏడు దాటాక ఎవరికీ ఫైలు పంపకూడదు అన్నాను. పని వెనకబడుతుంది అందామె. ఒక నెల చూడండి, వెనకబడితే నన్ను తీసేయండి అన్నాను. అలా మాట్లాడింది నేనేనా అని ఇప్పటికీ ఆశ్చర్యం.

పని వెనకబడలేదు. తప్పులతో తిరిగొచ్చే ఫైళ్లు తగ్గాయి. రెండు నెలలకు ఒక మనిషిని ఇచ్చారు. నాలుగు కాగానే మా టీములో ఎవరో ఒకరు "చలా, దిగు" అంటారు, పదండి దిగుదాం అన్నట్టు. మరాఠీవాళ్లు, గుజరాతీవాళ్లు, అందరిదీ అదే మాట.

కానీ ఆ తర్వాత ఆ పిలుపు రాలేదు.

సిగ్గు విడిచి ఇంకో సంగతి చెప్తాను. డిసెంబర్‌లో ఒక వారం నేను కావాలనే దిగలేదు. అన్నం తినలేదు. అందరూ కిందికి వెళ్లాక ఖాళీ సీట్ల మధ్య చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. శుక్రవారం సావంత్ పైకొచ్చి చాయ్ కప్పు నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆ పిచ్చిపని అంతటితో మానేశాను.

నాకు వినిపించింది అలసట అనుకుందాం. అతనికి వినిపించింది ఏంటి? ఎంత ఆలోచించినా నాకు తెలియదు.

పోయిన నెల సావంత్‌కు పుణే బదిలీ అయింది. చివరి రోజు చాయ్ దగ్గర తనే ఆ సంగతి ఎత్తాడు. "ఆ రోజు మీరు లేవగానే ఆవిడ ఇంకో మాట అంది తాయీ. పిలిచినట్టు కాదు, మెల్లగా."

ఏం మాట అని అడిగితే గుర్తు లేదన్నాడు. నేను ఒక్కొక్కటే అని చూశాను. జాగ్రత్త అనడానికి ఆమె వాడే పైలం? తల అడ్డంగా ఊపాడు. తిన్నవా? కాదు. నా తల్లి? కాదు. బుక్కెడు తిను? కాదు. నాకు గుర్తున్న నాయనమ్మ మాటలన్నీ అయిపోయాయి. చాయ్ చల్లారిపోయింది.

గుర్తొస్తే ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు.