బావ చేతి విసురు

మొన్న మనవరాలి పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం మార్కాపురంలో ఒక దుకాణానికి పోతే, అక్కడి అమ్మాయి కంప్యూటరులో రకరకాల అక్షరాలు చూపిస్తూ, ఇది అచ్చం కుంచెతో రాసినట్టే ఉంటుంది తాతా, పెళ్లి కార్డులకీ హోటలు బోర్డులకీ అందరూ ఇదే అడుగుతున్నారంటూ ఒక ఫాంటు తెరిచింది. తలకట్లు పైకి విసిరినట్టున్నాయి, కొసన రంగు అయిపోయి కుంచె వెంట్రుకల చారలు పొడిపొడిగా తేలాయి. చూడగానే ఎవరైనా గమనిస్తున్నారేమోనని వీధివైపు తిరిగి చూశాను. గోడల మీద రాతలు చదువుతూ పెరిగిన మీరైతే నవ్వరని చెబుతున్నాను.

ఆ విసురు మా బావది, అంటే మా అక్క భర్తది. ఆయన పని నేర్పడమంటే, సుద్దముక్కతో గోడ మీద రాసిస్తే దాని మీదే నేను నీళ్ల కుంచెతో దిద్దడం. అట్లా ఏడాది దిద్దేసరికి నా చెయ్యి ఆయన చెయ్యే అయిపోయింది. చర్చి గోడ మీద వాక్యాలైనా, దోర్నాల దారిలో హోటలు బోర్డులైనా, ఏది ఎవరు రాశారో అక్క కూడా పోల్చలేకపోయేది. దానికి నేను తెగ మురిసిపోయేవాణ్ణి.

అడవిలో అన్నలు, ఊళ్లలో పోలీసులు తిరిగే రోజులవి. ఒక పొద్దున దోర్నాల అవతల కల్వర్టు గోడ మీద ఎర్రరంగు నినాదాలు కనిపించాయి, తలకట్లన్నీ పైకి విసిరి. నేను రాయలేదు. బావను అడగడానికి నోరు రాలేదు. మధ్యాహ్నానికల్లా నన్ను స్టేషనుకు పిలిపించి, ఒక అట్టముక్క, కుంచె ఇచ్చి రాయమన్నారు. మార్చి రాస్తే అనుమానం, మార్చకపోతే అదే సాక్ష్యం. నేను తేల్చుకునేలోపే చెయ్యి అలవాటు చొప్పున పైకే విసిరింది.

"ఎవడు నేర్పినాడ్రా నీకు ఈ రాత?" అన్నాడు అధికారి.

భయం ఎంత పాడుదంటే, ఆలోచించుకోవడానికి సందు కూడా ఇవ్వదు. మా బావ, అనేశాను.

నన్ను వదిలేసి ఆయన్ను తీసుకుపోయారు. రెండు రోజులు స్టేషను గేటు ముందు సంగటి గిన్నెతో కూర్చుని, "మీ బావ పేరు చెప్పినోని నోట్లో మన్నుబడ" అని అక్క ఏడుస్తుంటే, పక్కన తల వంచుకుని కూర్చున్నది నేనే.

మూడో రోజు ఇంటికొచ్చినాక ఆయన కుడిచేతి వేళ్లు మళ్లీ కుంచె చుట్టూ మడతపడలేదు. ఆ నినాదాలు ఆయనా రాయలేదట; మా బోర్డులు చూసిచూసి ఆ రాత నేర్చి రాసినవాడెవడో నేటికీ తెలియదు. ఒకరోజు ఆ వేళ్లకు కాపడం పెడుతూ ఉన్నమాట చెప్పేశాను.

"పోనీలేరా, ముందు నన్ను పిలిచింటే నేనూ నీ పేరే చెప్పింటా" అన్నాడు బావ.

అది నిజమో, నా కోసం అన్నాడో ఆయన పోయేదాకా అడగలేకపోయాను. అక్కకు మాత్రం ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు అక్షరాలు ఎవరివీ కావు, రాత చూసి మనిషిని పట్టుకుపోయే కాలమూ పోయింది, మంచిదే. బావ చేతిని గుర్తుపట్టేవాళ్లూ నాతోనే ఆఖరు. అక్క ఇప్పటికీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొసరి కొసరి వడ్డిస్తుంది. ఇన్ని మారినా, ఆమె నా ముఖంలోకి చూసినప్పుడల్లా నాకు భయం వేస్తూనే ఉంది.