తడమని పొట్టేలు

ఆయన్ని అందరూ తడుముడు మామ అనే పిలిచేవాళ్లు. చాటుగా కాదు, మొహం మీదే. విత్తనపు పొట్టేలు కొనాలంటే చుట్టుపక్కల ఏ గొర్రెలవాళ్లయినా ముందు ఆయన గుమ్మం తొక్కాల్సిందే. దూరం నుంచి చూసి ఆహా ఓహో అనేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. "చూసి మురిసిపోవడానికి అదేమన్నా బొమ్మా? చెయ్యి వేసి చూడండయ్యా!" అని కసిరేవాడు. తను మాత్రం కింది రెప్ప తిప్పి లోపల ఎరుపుందో లేదో చూసేవాడు. పెదవి ఎత్తి పళ్ల వరస చూసేవాడు. గిట్టల మధ్య వేలు పెట్టేవాడు, వెన్ను నొక్కేవాడు. ఆఖరున వెనక్కి వెళ్లి, వంగి, రెండు వట్టలూ చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకునేవాడు. రెండూ సమానంగా ఉండాలి, బిగువుగా ఉండాలి, ఎక్కడా గడ్డ తగలకూడదు. అప్పుడుగానీ "తోలుకుపో" అనే మాట ఆయన నోట వచ్చేది కాదు. పొట్టేలు డొల్లయితే మంద మొత్తానికి ఆ ఏడాది గాలికి పోయినట్టేనని పదిమందికి పాఠం చెప్పిన మనిషి. అలాంటి మనిషి సొంత అక్క దగ్గరే బోల్తా పడ్డాడు.

అక్క వీధి చివర రేకుల షెడ్డులో గొర్రెలు పెంచుకునేది. మొగుడు పోయాక ఆవిడకు తిండీ బట్టా ఆ మందే, మాటా పలుకూ కూడా ఆ మందే. గొర్రెలు మంచివే, పుట్టే పిల్లలే మరీ ఎలకపిల్లల్లా ఉండేవి. "ఒరేయ్, కాస్త ఒళ్లున్న పొట్టేల్ని చూసిపెట్టరా. లోకమంతటికీ చూస్తావు, అక్క పనికొచ్చేసరికి నీకు తీరికుండదు" అని దెప్పుతూనే ఉండేది.

తీరిక చేసుకున్న రోజున ఆయన నేరుగా కూతుర్నిచ్చిన ఇంటికే వెళ్లాడు. వియ్యాలవారి దొడ్లో నల్లమొహం పొట్టేలు ఒకటి ఎదిగొస్తోంది. దాని తల్లి ప్రతి ఈతలోనూ కవలల్నే ఈనింది, రెండింటికీ చాలినన్ని పాలిచ్చింది. అంతకంటే ఏం కావాలి! అయితే ఆ రోజు వియ్యంకుడు నడుంనొప్పితో మంచం దిగడం లేదు. వియ్యపురాలే కొంగు నడుముకు దోపుకుని వచ్చి పొట్టేలు కొమ్ములు పట్టుకుంది. "మీకు చెప్పేదేముంది అన్నయ్యగారూ, మీరే నిదానంగా చూసుకోండి" అంది.

ఆయన రెప్ప తిప్పాడు, పళ్లు చూశాడు, గిట్టలు చూశాడు, వెన్ను నొక్కాడు. అంతా భేషుగ్గా ఉంది. వెనక్కి వెళ్లాడు. తలెత్తితే వియ్యపురాలు ఇటే చూస్తోంది. పాపం, ఎక్కడ తన్నుతుందోనని ఆవిడ భయం ఆవిడది. ఈయనకు మాత్రం చెవులు వేడెక్కిపోయాయి. కూతురి అత్తగారి ఎదుట వంగి, అక్కడ చెయ్యి పెట్టి, కళ్లు మూసుకోవడమా! రేపు ఇదే ఇంటికి భోజనానికి రావాలి, ఆవిడే ఎదురుగా నిలబడి వడ్డించాలి. కిందికి దిగాల్సిన చెయ్యి తోక దగ్గరే ఆగిపోయి, పిర్ర మీద చప్పున ఓ చరుపు చరిచింది.

"బంగారం చెల్లెమ్మగారూ, ఇంక చూసేదేముంది" అన్నాడు. అంత లావు అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది.

పొట్టేలు అక్క మందలో చేరి రాజాలా తిరిగింది. ఎదకొచ్చిన ఏ గొర్రెనూ వదల్లేదు. అక్క మురిసిపోయి పిల్లల కోసమని షెడ్డులో ఓ మూల కొత్తగా తడికలు కట్టించింది. తీరా చూస్తే గొర్రెలన్నీ మళ్లీ ఎదకొచ్చాయి. సరేలే అనుకున్నారు. ఇంకోసారి వచ్చాయి. ఒక గొర్రె తిరిగి ఎదకొస్తే గొర్రెను చూడాలి, మందంతా తిరిగి ఎదకొస్తే పొట్టేలును చూడాలి. ఈ ముక్క కూడా ఆయన ఎంతమందికి చెప్పాడో! చెప్పిన నోరే ఇప్పుడు అడ్డం తిరిగింది.

"ఏమైందిరా? పొట్టేల్ని సరిగ్గా చూశావా?" అని అక్క అడిగింది.

"నేను చూడకపోవడమేంటక్కా! నీ గొర్రెలే మేపు ఎక్కువై కొవ్వు పట్టిపోయాయి. లోపం గొర్రెల్లోనే ఉంది" అన్నాడు.

అక్క మొహం కత్తివేటుకు నెత్తుటి చుక్క లేనట్టు పాలిపోయింది. అత్తవారింట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ విన్న మాటే అది. కడుపు పండలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ అత్తగారు "లోపం పిల్లలోనే ఉంది" అనేది. మొగుణ్ణి కూడా డాక్టరుకు చూపించండి అన్న పాపాన ఒక్కరూ పోలేదు. గేటు దాటాక ఆయనకు ఆ సంగతి తట్టి నాలుక కరుచుకున్నాడు. తట్టి ఏం లాభం, వెనక్కి తిరిగి వెళ్లలేదుగా.

పొట్టేలు మీది అనుమానం మాత్రం ఆయన్ని కూర్చోనివ్వలేదు. ఓ మధ్యాహ్నం అక్క తవుడు కోసం మిల్లుకు వెళ్లడం చూసి దొంగలా షెడ్డులో దూరాడు. అడ్డుచెప్పేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. వంగి చెయ్యి పెట్టాడు. ఒకటి ఎండిన నిమ్మకాయలా ముడుచుకుపోయి ఉంది. రెండోదాని నిండా గడ్డలే. కళ్లు మూసుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. "ఛీ, నా బతుకు చెడ!" అని నెత్తి కొట్టుకుని ఆ పెంటికల్లోనే చతికిలబడ్డాడు.

అంతలో అక్క తవుడు బస్తాతో రానే వచ్చింది. "మంచిపని చేశావురా వచ్చి. ఎంతకాలమని గొడ్డు గొర్రెల్ని మేపను? మాంసం కొట్టతనికి చెప్పేశాను. రేపు కొన్ని, ఎల్లుండి మిగతావీ తోలుకుపోతాడు. నువ్వేమంటావు?"

చెప్పాల్సింది అప్పుడే. చెబితే, ముందే ఎందుకు తడమలేదని అడుగుతుంది. వియ్యపురాలి ముందు సిగ్గేసిందని చెప్పాలి. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది, ఆ నవ్వు వెళ్లి వెళ్లి కూతురి ఇంటికీ చేరుతుంది. తడుముడు మామ అన్న పేరు గంగలో కలుస్తుంది.

"నీ ఇష్టమక్కా" అన్నాడు. ఎంత పిరికి మాటో చూడండి!

మర్నాడు జ్వరమని చెప్పి దుప్పటి ముసుగేశాడు. బండి వీధిలోకి రావడం వినిపించింది, వెళ్లడమూ వినిపించింది. ఆ బండిలోంచి గొర్రెలు అరుస్తుంటే చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. అన్నం సహించలేదు. భార్య నుదురు పట్టుకుని చూసి "జ్వరం లేదు, ఏం లేదు. ఏమొచ్చింది మీకు?" అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండోరోజు బండి చప్పుడు వినగానే ఇక ఆగలేకపోయాడు. కాళ్లకు చెప్పులైనా లేకుండా పరిగెత్తాడు. మాంసం కొట్టతను ఒక గొర్రెను అప్పుడే బండిలోకి ఎత్తుతున్నాడు.

"దించు! దించవయ్యా బాబూ!" అని అరిచాడు. "అక్కా, గొర్రెల్లో ఏ లోపమూ లేదు. పొట్టేలే డొల్ల. నేను తడమలేదు. వియ్యపురాలు ఎదురుగా నిలబడిందని సిగ్గుపడి తడమలేదు. నీకు అబద్ధం చెప్పాను."

మాంసం కొట్టతను గొర్రెను అలాగే చంకలో పెట్టుకుని పగలబడి నవ్వాడు. "తడుముడు మామకు సిగ్గా! ఇదెక్కడి చోద్యం!" అన్నాడు. పక్కింటి మేడ మీద నుంచి కూడా ఎవరో నవ్వారు. ఆయన ఎంత భయపడ్డాడో అంతా జరిగింది. చిత్రం, ఆ నవ్వు అంతగా తగల్లేదు. అక్క నవ్వలేదు. అదే తగిలింది.

ఆవిడ అతని చేతుల్లోంచి గొర్రెను దించుకుంది. బండిలోవాటినీ దించి, షెడ్డులోకి తోలి, తలుపు గడియ పెట్టి వచ్చింది.

"నిన్న పోయినవే మంచివిరా. నా చేత్తో పాలు పట్టి పెంచినవి" అంది.

"తప్పయిపోయిందక్కా."

"పొట్టేలు సంగతి సరే. అప్పట్లో మా అత్తగారు నలుగురిలో లోపం నాలోనే ఉందన్నప్పుడు నువ్వు వరండాలోనే కూర్చున్నావు. పెళ్లయి పిల్లలున్నవాడివి, తెలియనివాడివి కాదు. ఇద్దర్నీ చూపించండి అని ఒక్క మాట అంటావని నీ వైపే చూశాను. ఆ రోజు నీకేం అడ్డొచ్చిందిరా?"

ఆయనకు ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"ఆ రోజు కూడా సిగ్గేసిందక్కా" అన్నాడు. "నలుగురూ గొడ్రాలనే నువ్వు నా అక్కవని."

అక్క తవుడు బకెట్టు తీసుకుని, మిగిలిన గొర్రెల దగ్గరికి వెళ్లిపోయింది.