ఇసుకదొందు కాపలా

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే మాకు వాగే. నీళ్ళు తగ్గి అక్కడొక గుంత, ఇక్కడొక గుంత మిగిలేవి. నేనూ తమ్ముడూ పొద్దున సద్ది తిని పోతే మధ్యాహ్నం అవ్వ, అంటే మా అమ్మ, కేకలేసేదాకా అక్కడే. సిద్దిపేట దగ్గర పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇదేం కొత్త కాదులెండి...

ఆ గుంతల్లో ఇసుకదొందులు ఉండేవి. వేలెడంత చేప, ఇసుక రంగే. అడుగున కడుపు ఆనించి కదలకుండా పడుకునేది. కాలు పెట్టబోతే తుర్రుమని జరిగి మళ్ళీ ఇసుకలో కలిసిపోయేది. కూరకూ పనికిరాదు, గాలానికీ పడదు... అయినా మాకు అదంటే పిచ్చి.

ఒకరోజు గుంతలోని పెద్ద రాయి అంచును ఇద్దరం కలిసి పైకెత్తి తొంగి చూశాం. రాయి అడుగున పట్టెడన్ని గుడ్లు, అంటించినట్టు! వాటి కింద ఒక దొందు. మమ్మల్ని చూసి పారిపోలేదు సరికదా, వచ్చి నా వేలిని పొడిచింది. దెబ్బకు రాయి మెల్లగా దించేశాం.

బాపు తాళ్ళెక్కేవాడు. కల్లు దించి వచ్చాక చెప్తే నవ్వాడు.

"గది తండ్రి బిడ్డా... తల్లి గుడ్లు పెట్టి దాని తొవ్వ అది పోతది. పిల్లలయ్యేదాక కాసుడు వీని పని."

అవ్వ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఇన్నవా? జర నువ్వు గూడ నేర్సుకో!"

ఇక మాకు వేరే పని లేదు... రోజూ వెళ్ళి చూడటమే. కానీ గుంత రోజురోజుకూ తగ్గుతోంది. మోకాలి లోతు నీళ్ళు చీలమండ దాకా వచ్చాయి. గుడ్లు పిల్లలు కావాలంటే ఇంకా రెండు మూడు రోజులు పడుతుందని బాపు అన్నాడు. ఆ రెండు మూడు రోజులు నీళ్ళెక్కడివి?

తమ్ముడికి ఉపాయం తట్టింది. "అక్కా, గీడనే చెలిమె తోడుదాం. దూరంకెల్లి మోసుడెందుకు?"

మా ఇంట్లో తాగేది చెలిమె నీళ్ళే. ఇసుకలో గొయ్యి తవ్వితే నీళ్ళు ఊరతాయని పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. గుంతకు రెండడుగుల దూరంలో చేతులతోనే తవ్వేశాం. అబ్బ, ఎంత తొందరగా ఊరిందో! చెంబుతో ముంచడం, గుంతలో పోయడం... ముంచడం, పోయడం. మధ్యాహ్నం తిండి కూడా యాదికి రాలేదు. అంత కష్టపడ్డా గుంత నిండదే! ఇంకొంచెం లోతు తవ్వాం.

మా తెలివి తెల్లారినట్టే ఉంది. సాయంత్రం బిందె పట్టుకుని వచ్చిన అవ్వ మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ పిచ్చి పోరీ... ఎంత పని జేసిన్రే! చెలిమెలకు నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయనుకున్నవ్? గా గుంతలకెల్లే!"

పొద్దున్నుంచీ దాని నీళ్ళే లాగి, దాని నీళ్ళే దానికి పోస్తున్నాం. ఇసుక ఎంత తాగిందో తాగింది. గబగబా చెలిమె పూడ్చేశాం. అవ్వ తిట్టుకుంటూనే దూరంగా ఉన్న మా చెలిమెకు పోయి, ఇంట్లోకి కావలసిన బిందెడు నీళ్ళు తెచ్చి గుంతలో పోసింది. చూస్తుండగానే ఇంకిపోయాయి.

గుడ్లున్న రాయినే లోతు నీళ్ళకు మోసుకుపోదామంటే ముగ్గురి వల్లా కాలేదు. దొందు సగం వీపు బయటపడినా గుడ్ల కిందే ఉండి తోక ఆడిస్తోంది. "దాన్నన్న బతికిద్దాం" అంది అవ్వ. పట్టుకోబోతే రెండుసార్లు జారి మళ్ళీ రాయి కిందికే దూరింది. మూడోసారి దొరికింది. బిందెలో వేసుకుని ఉరికి, వాగు మలుపు దగ్గరున్న లోతు మడుగులో వదిలాను.

అది లోపలికి పోలేదు... ఒడ్డు వెంబడే అటూ ఇటూ తిరిగింది. ఏడుపొచ్చింది నాకు. బతికించానో, పిల్లల దగ్గర నుంచి గుంజుకొచ్చానో ఇప్పటికీ తెలియదు.

తెల్లారి పోయి చూస్తే గుడ్లు తెల్లగా ఎండి ఉన్నాయి, చీమలు పట్టాయి.

మొన్న కొమురవెల్లికి వెళ్ళి వస్తూ తమ్ముడితో వాగు దగ్గర ఆగాను. కాలువ నీళ్ళు వదులుతున్నారు, నిండు వేసవిలో కూడా నడుం లోతు ఉంది. దిగితే కాలికి ఇసుక తగల్లేదు... అంతా జిగట బురద. ఇసుకంతా ట్రాక్టర్లెక్కి పోయింది. చాలాసేపు వెతికాను. పెద్ద చేపలున్నాయి, ఇసుకదొందు ఒక్కటీ కనబడలేదు.

"ఇప్పుడు నీళ్ళకేం తక్కువ లేదక్కా" అన్నాడు తమ్ముడు.

నిజమే... ఆ రోజు రెండు రోజులకు సరిపడా నీళ్ళుంటే చాలు, ఆ గుడ్లు బతికేవి. ఇప్పుడిన్ని నీళ్ళున్నాయి, దొందులే లేవు.

మీ ఊరి వాగులో ఇంకా ఉన్నాయా అవి? ఉంటే ఒక్క మాట రాయండి... ఎంత దూరమైనా వచ్చి, ఒడ్డునే నిలబడి చూసి పోతాను.