నిండుకున్న డబ్బా

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా నాన్న కనుబొమ్మల దాకా తెల్లగా ఉండేవాడు. గోడలకూ సీలింగులకూ ప్లాస్టరు పూసే తాపీ మేస్త్రీ ఆయన. తలుపు తీయగానే ముందు తెల్లపొడి లోపలికొచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. అమ్మ గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో దులిపేది, విసుక్కునేది. నాకు మాత్రం ఆ దుమ్మంటే ఇష్టం. కిటికీ వెలుగులో అది నెమ్మదిగా దిగుతూ ఉంటే మా రెండు గదులూ మబ్బులో ఉన్నట్టుండేవి.

ఆ గదులు ఒక లాండ్రీ దుకాణం మీద ఉండేవి. కింద యంత్రాలు తిరుగుతుంటే మా నేల వెచ్చగా, సన్నగా వణికేది. నేను బోర్లా పడుకుని చెవి నేలకానించి వినేదాన్ని. ఇల్లు పడవలా మెల్లగా ఎక్కడికో సాగిపోతున్నట్టు అనిపించేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పని కోసం వచ్చిన ఆ పరాయి దేశానికి మేం తెచ్చుకున్న మూడు పెట్టెల్లో అమ్మ రెండే విప్పింది. మూడోది కట్టిన తాడుతోనే మంచం కింద ఉంది. నాన్న పని మూడు నెలల పరీక్ష మీద నడుస్తోంది. గడువు కాగానే యజమాని ఒక కాగితం మీద సంతకం పెడితే ఉంటాం, లేకపోతే ఆ పెట్టెతో సహా వెనక్కి వెళ్ళిపోతాం. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. గోడలకే చెవులుంటాయంటారు, నాకుండవా?

నాన్నకు ఇక్కడి భాష నేర్పింది నేనే. బడికి నడిచే దారిలో రోజుకు మూడు మాటలు. నాకొచ్చిందీ అరకొరే గానీ గుడ్డికన్నా మెల్ల మేలు కదా. నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు. తప్పు పలికితే ఆయన వేలు పట్టుకుని లాగేదాన్ని.

ఒక ఉదయం ఆయన అడిగాడు: "టీచరమ్మా, సరుకు నిండుకుంది అని చెప్పాలంటే ఏమనాలి?"

నేనొక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది మా ఇంట్లో నాకు బాగా తెలిసిన మాట. వడ్డిస్తూ అమ్మ నాన్నతో మెల్లగా "బియ్యం నిండుకున్నాయి" అనేది. ఆ మాట వినగానే డబ్బాలో తెల్లటి బియ్యం అంచుదాకా పొంగుతున్నట్టు నాకు కనిపించేది. మనం కలిగినవాళ్ళమే అనుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. అందుకే నిండా ఉంది అనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటే నాన్నకు చెప్పాను. పనికి వెళ్ళే బస్సు వచ్చేదాకా ఆయన దాన్ని నోట్లో చాక్లెట్టులా తిప్పుకున్నాడు.

మూడో నెల ఆఖరి వారంలో ఒక పెద్ద హాలు సీలింగు నాన్న చేతికొచ్చింది. సీలింగు పూత మధ్యలో ఆగకూడదు. ఆగితే ఆరినదానికీ తడిదానికీ మధ్య గీత పడుతుంది, ఎంత రుద్దినా పోదు. పొద్దున యజమాని ఫోన్ చేసి ప్లాస్టరు బస్తాల సంగతి అడిగితే నాన్న గర్వంగా నేను నేర్పిన మాట చెప్పాడు. లారీ రాలేదు. కంగారుగా ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, అదే మాట ఇంకా గట్టిగా చెప్పాడు. అయినా రాలేదు. నిచ్చెన మీద కూర్చుని, నెత్తిన గీత ఆరిపోవడం చూస్తూ ఉండిపోయాడట.

ఆ సాయంత్రం యజమాని మా మెట్లెక్కి వచ్చాడు. నాన్న ఆయనకు పెట్టిన పేరు మీసాలాయన. కూర్చోలేదు. సంతకం లేని కాగితం చొక్కా జేబులోంచి కనిపిస్తోంది. ఇద్దరి మధ్యా నన్ను నిలబెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పాడో నాన్నను అడగమన్నాడు మీసాలాయన. అడిగాను.

"అబద్ధం కాదని చెప్పమ్మా. నిండుకుందనే చెప్పాను, రెండుసార్లు చెప్పాను" అన్నాడు నాన్న.

నిండా ఉందనే చెప్పాడట అని నేను అటు తిప్పి చెప్పాను. అవును, కానీ వెళ్ళి చూస్తే ఒక్క బస్తా లేదన్నాడు మీసాలాయన. అది ఇటు చెప్పాను.

"నేనూ అదే కదా చెప్పింది!" అన్నాడు నాన్న.

నాకేమీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది అమ్మకే. పొయ్యి పక్కనుంచి బియ్యం డబ్బా తెచ్చి నా ముందు మూత తీసింది. అడుగున రేకు మెరుస్తోంది.

"నిండుకోవడమంటే ఇదే తల్లీ. ఇంట్లో లేవు అనకూడదని అలా అంటాం."

నా చెవులు వేడెక్కాయి. తప్పెవరిదో నాన్నకూ తెలిసిపోయింది. నా తల మీద చెయ్యి వేసి, పొరపాటు తనదేనని చెప్పమన్నాడు. ఆ ఒక్క మాటా నేను అటు చెప్పలేదు. నేర్పింది నేనని, మా భాషలో ఖాళీ అయినదాన్ని నిండిందంటారని, నాకు తెలియదని ఏడుస్తూ చెప్పి డబ్బా ఆయనకు చూపించాను.

మీసాలాయన చాలాసేపు డబ్బాలోకి చూశాడు.

"ఎప్పుడు నిండింది?" అని అడిగాడు. అమ్మకు తిప్పి చెప్పాను.

"నిన్న" అంది అమ్మ.

ఆయన బస్తాలు పొద్దున్నే వస్తాయని, సీలింగంతా గీకి మళ్ళీ పూయాలని చెప్పి దిగిపోయాడు.

రెండు రోజులు పట్టింది. రెండో సాయంత్రం నాన్న నన్ను ఆ హాలుకు తీసుకెళ్ళాడు. నేల మీద వెల్లకిలా పడుకుని గీత ఎక్కడైనా ఉందేమో చూడమన్నాడు. కొసేమిటో మొదలేమిటో తెలియని తెలుపు. చూస్తూ చూస్తూ నేనే పైకి తేలిపోతున్నాననిపించింది. మీసాలాయన కూడా వచ్చి, కోటు పాడవుతుందని చూడకుండా నా పక్కన పడుకుని వెతికాడు. లేచి కాగితం నా వీపు మీద పెట్టి సంతకం చేశాడు. కలం చక్కిలిగింతలు పెట్టింది.

అమ్మ మూడో పెట్టె విప్పుతుంటే నేను పక్కన కూర్చుని లెక్కపెట్టుకున్నాను, ఆ మూడు నెలల్లో ఆమె ఎన్నిసార్లు ఆ మాట అందో. అది విన్నప్పుడల్లా, మనకేం తక్కువ అనుకుని, నేను కంచం ముందుకు జరిపి ఇంకాస్త అన్నం అడిగేదాన్ని. అమ్మ పెట్టేది. నాన్న తనకు ఆకలిగా లేదనేవాడు.