జర అంటే ఎంతసేపు?

ఈ సాయంత్రం పిల్లల డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుంటే పక్కావిడ లవంగం నములుతోంది. నా ఒళ్లో మా మూడేళ్ల బాబు, కాలిపోతున్న చెంప నా మెడకు ఆనించి మూలుగుతున్నాడు. ఇంకా ఎంతసేపని అడిగితే కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా "బస్, దో మినిట్" అంది, ఇంకో రెండే నిమిషాలని. ఆ మాటా, ఆ లవంగం వాసనా కలిసేసరికి లచ్చక్క వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

ఆమెను కలిసేనాటికి నేను ఆసుపత్రుల నిర్వహణలో పీజీ చదువుతున్నాను. పెళ్లయి సూరత్ వచ్చిన కొత్త. మావారికి పాండేసరలో రంగుల మిల్లులో ఉద్యోగం. రెండో ఏడాది శిక్షణకు నన్ను ఒక ట్రస్టు ఆసుపత్రికి పంపారు. డాక్టరును చూడటానికి రోగులు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కగట్టి, తగ్గించే దారి రాయడం నా ప్రాజెక్టు. ఓపీ గుమ్మం దగ్గర రోగులను వరుసగా కూర్చోబెట్టే ఆయా లచ్చక్క. సిరిసిల్ల వైపు మనిషి, భర్త మగ్గాల పనికి వస్తే వెంట వచ్చింది. రోజంతా రోగుల మీదికి వంగి మాట్లాడాలి కనుక బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆసుపత్రిలో అందరికీ ఆమె మాసీ, అంటే పిన్ని. నాకు మాత్రం అక్క.

నేను ఫోనులో గడియారం పెట్టుకుని నిలబడటం చూసి మొదటిరోజే నవ్వింది. "ఏంది బిడ్డా, వీళ్లకు పరుగుపందెం వెట్టినవా?"

ఎవరైనా ఎంతసేపని అడిగితే లచ్చక్క ఊరికే ఆగమనేది కాదు. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టి వచ్చేది. "నీ ముంగట తొమ్మిదిమంది ఉన్నరు. గంట వడ్తది. పోయి చాయ్ తాగి రా, నీ జాగ నేను చూస్త." ఇదే మాట హిందీలో, గుజరాతీలో కూడా. ఆమె అలా లోపలికీ బయటికీ తిరిగే సమయాన్ని నా పట్టికలో 'వృథా' కింద వేశాను.

ఒకరోజు ఆమె ఎవరో ముసలాయనను ఎక్స్‌రేకి తీసుకెళ్లింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తెలుగమ్మాయి నా దగ్గరకొచ్చి "ఇంకెంతసేపు మేడమ్?" అంది. పట్టిక నింపుతూ "జర ఆగమ్మా" అన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ అదే అన్నాను. తర్వాత తలెత్తి చూస్తే బెంచీ ఖాళీ. ఆమె వరుసకెదురుగా చివరి గడిలో 'వెళ్లిపోయారు' అని రాశాను.

లచ్చక్క తిరిగొచ్చి "గా పసిపిల్ల తల్లేది?" అంది.

"వెళ్లిపోయింది." గడి చూపించాను.

"ఇందుల రాసినవ్, మంచిది. ఏడికి పోయింది?"

దానికి నా పట్టికలో గడి లేదు.

"పొద్దటి సంది విరేచనాలట. పిల్ల పెదవులు ఎండిపోయినయ్. నేను చూసిన."

గుమ్మం దగ్గర ఆమె ఇచ్చిన ఓపీ చీటీ మీద గోడాదరా పేట చిరునామా ఉంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కాం. దారి పొడుగునా లచ్చక్క ఆటో అతన్ని తొందరపెడుతూనే ఉంది. నన్ను తిట్టినా బాగుండేది. మగ్గాల చప్పుడు గోడల్లోంచి వచ్చే గల్లీలో మూడిళ్లు అడిగితే ఆ అమ్మాయి దొరికింది. పేరు పద్మ. ఒళ్లో పిల్ల ఏడవడం కూడా మానేసింది.

నన్ను చూసి పద్మ కోప్పడలేదు, సంజాయిషీ చెప్పుకుంది. "జర అన్నరు గద మేడమ్. ఒక జర అయిపాయె, ఇంకో జర అయిపాయె. పెద్దపోరి బడి నుంచి వచ్చే యాళ్లాయె. ఇగ పిలువరనుకున్న."

"ఇంకో గంట అని చెప్పి ఉంటే?"

"పక్కింటామెకు ఫోన్ చేసి కూసుందును."

అదే ఆటోలో వెనక్కి తెచ్చాం. సెలైన్ పెట్టారు. "ఎప్పుడు తగ్గుతది మేడమ్?" అని పద్మ నన్నే అడిగింది. నేను డాక్టరు గది వైపు చూశాను. లచ్చక్క లవంగాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చింది. "తెల్వదు బిడ్డా" అని, మంచం పక్కన నేల మీద చతికిలబడింది. ఆమె డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "తెల్వకుంటె తెల్వదనాలె. అని లేచి పోవద్దు. కూసోవాలె."

మర్నాడు వెళ్లేసరికి ఆ పిల్ల వార్డు దద్దరిల్లేలా ఏడుస్తోంది. "ఏడువనియ్, జీవమొచ్చింది!" అని లచ్చక్క చప్పట్లు కొట్టింది. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఆ వారమే పట్టికలో 'వృథా' కొట్టేసి, ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి రోగికి చెప్పడమే దారి అని రాశాను. ఈ పద్ధతి ఏ పుస్తకంలోదని కాలేజీలో సారు అడిగితే ఓపీ ఆయా పేరు చెప్పాను. 

ఈ సాయంత్రం లవంగం నమిలే ఆవిడ విసుగెత్తి, పాపను భుజానేసుకుని లేచింది. నేను బాబును ఎత్తుకుని కౌంటరు దగ్గరికి వెళ్లి, లోపల ఎంతమంది ఉన్నారో ఆ అమ్మాయి చేత లెక్కపెట్టించాను. "మీ ముందు ఆరుగురు, ముప్పావుగంట పడుతుంది. నీళ్లు తాగి రండి, మీ చోటు నేను చూస్తాను" అని ఆవిడకు హిందీలో చెప్పాను. ఆవిడ సంచీ బెంచీ మీద పెట్టి వెళ్లింది.

ఇప్పుడు ఇల్లు నిద్రపోతోంది. మందు వేసినా బాబు ఒళ్లింకా వెచ్చగానే ఉంది. గడియకోసారి నుదురు ముట్టుకుంటున్నాను. అలికిడికి కళ్లు తెరిచి "అమ్మా, జ్వరం ఎప్పుడు పోతది?" అన్నాడు. జర ఆగు నాన్నా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలియదు నాన్నా" అన్నాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఇదంతా ఇక్కడి నుంచే రాస్తున్నాను.